చెరువు గట్టు మీది కెమెరాను ఎఫ్ఎఫ్ఎంపెగ్‌తో ఇంటికి తెచ్చుకోవడం ఎలా

రొయ్యల చెరువులో ప్రాణవాయువు అన్నిటికంటే తక్కువకు పడిపోయేది పొద్దు పొడవడానికి కాస్త ముందు. పగలు ఎండలో ప్లాంక్టన్ (నీటిలో తేలే సూక్ష్మజీవులు) తయారుచేసిన ఆక్సిజన్‌ను చీకటి పడ్డాక అదే ప్లాంక్టన్, రొయ్యలు, అడుగున కుళ్లే మేత కలిసి వాడేస్తాయి. ఆ వేళ కరెంటు పోయి, జనరేటర్ అందుకోక, నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగిపోతే నెలల కష్టం తెల్లారేసరికి నీటి మీద తేలుతుంది. పశ్చిమ గోదావరి జిల్లా ఊళ్లు ఉండి, ఆకివీడు, కాళ్ల వైపు చెరువులున్నవారికి ఈ భయం గురించి నేను చెప్పనక్కర్లేదు. గట్టు మీద ఒక కెమెరా పెట్టి, ఏరియేటర్ రెక్కలు తిరుగుతున్నాయో లేదో ఇంటి నుంచి చూసుకుంటే సగం భయం తగ్గుతుంది.

కెమెరాతో వచ్చే యాప్ ఆ పని చేస్తుంది కదా అనవచ్చు. చేస్తుంది, ఆ కంపెనీ సర్వరు పలికినంత కాలం. వీడియోను మీ సొంత డిస్కులో దాచుకోవాలన్నా, రెండు మూడు రకాల కెమెరాలను ఒకే పద్ధతిలోకి తేవాలన్నా, బొమ్మ ఎందుకు ఆగిందో తెలుసుకోవాలన్నా వీడియో మూలాన్ని నేరుగా చదవడం రావాలి. దానికి ఎఫ్ఎఫ్ఎంపెగ్ చాలు. ఫాబ్రిస్ బెలార్డ్ 2000లో మొదలుపెట్టిన ఈ ఉచిత సాఫ్ట్‌వేర్‌ను ఇప్పుడు ఎందరో కలిసి నడుపుతున్నారు. దీనికి కిటికీలు, బొత్తాలు ఉండవు. టెర్మినల్‌లో ఒక వరుస టైపు చేసి ఎంటర్ నొక్కడమే.

మొదట రాత పద్ధతి గురించి ఒక మాట. ఆదేశాలను ఇక్కడ పలికే తీరులో తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను. మీరు టైపు చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాలే వాడాలి, ఖాళీలు ఎక్కడున్నాయో అక్కడే ఉంచాలి. అడ్డగీత, అడుగుగీత, రెండు చుక్కలు కనిపించిన చోట వాటినే కొట్టాలి. పెద్ద అక్షరం కావలసిన చోటు ఒకటే ఉంది, అక్కడ ప్రత్యేకంగా చెబుతాను.

పెట్టుకోవడం

ఉబుంటులో గానీ, గట్టు మీద షెడ్డులో ఉంచడానికి అనువైన రాస్ప్‌బెర్రీ పై వంటి చిన్న యంత్రంలో గానీ ఇది చాలు:

సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఎఫ్ఎఫ్ఎంపెగ్

విండోస్‌లో "వింగెట్ ఇన్‌స్టాల్ ఎఫ్ఎఫ్ఎంపెగ్" అని కొట్టండి. ఆండ్రాయిడ్ ఫోనులో టెర్మక్స్ అనే టెర్మినల్ యాప్ ఉంటే "పీకేజీ ఇన్‌స్టాల్ ఎఫ్ఎఫ్ఎంపెగ్". తరువాత "ఎఫ్ఎఫ్ఎంపెగ్ -వెర్షన్" అని కొడితే వెర్షన్ సంఖ్య కనబడాలి. దీనితో పాటు రెండు తోడు పనిముట్లు సాధారణంగా వస్తాయి. ఎఫ్ఎఫ్‌ప్రోబ్ మూలాన్ని పరీక్షించి చెబుతుంది, ఎఫ్ఎఫ్‌ప్లే బొమ్మ చూపిస్తుంది. ఎఫ్ఎఫ్ఎంపెగ్ తీసుకుంటుంది, మారుస్తుంది, పంపుతుంది.

కెమెరా చిరునామా

నెట్‌వర్కు కెమెరాలు ఎక్కువగా ఆర్‌టీఎస్‌పీ అనే పద్ధతిలో వీడియో ఇస్తాయి. దాని మామూలు పోర్టు 554. చిరునామా ఇలా ఉంటుంది:

ఆర్‌టీఎస్‌పీ://పేరు:పాస్‌వర్డ్@192.168.1.64:554/దారి

ఆ సంఖ్యలు రౌటరు కెమెరాకు ఇచ్చిన ఐపీ. రౌటరు పేజీలో, దానికి కలిసి ఉన్న పరికరాల జాబితాలో దొరుకుతుంది. అక్కడే ఆ కెమెరాకు ఆ సంఖ్యను శాశ్వతంగా కేటాయించండి. లేకపోతే కరెంటు పోయి వచ్చినప్పుడు సంఖ్య మారి, మీ ఆదేశం లేని కెమెరా కోసం వెతుకుతూ ఉంటుంది. చివరనున్న "దారి" ఒక్కో తయారీదారుకు ఒక్కో రకం. ఊహించి కొట్టకుండా కెమెరా పుస్తకంలో చూడండి.

పాస్‌వర్డ్ విషయంలో చాలామంది గంటలు పోగొట్టుకుంటారు, నేనూ పోగొట్టుకున్నాను. పాస్‌వర్డ్‌లోనే @ గుర్తు ఉంటే చిరునామాలో దాని బదులు %40 అని రాయాలి, # ఉంటే %23 అని రాయాలి. లేదంటే పాస్‌వర్డ్ ఎక్కడ ముగిసి ఐపీ ఎక్కడ మొదలైందో తప్పుగా అర్థమై, అసలు కెమెరానే దొరకలేదని చెప్పే ప్రమాదం ఉంది.

ముందు పరీక్ష, తరువాతే ప్రసారం

నీరు చూడకుండా పిల్ల వదలని రైతు, వీడియో చూడకుండా ప్రసారం మొదలుపెట్టకూడదు. కెమెరా ఉన్న నెట్‌వర్కులోనే కూర్చుని ఇది కొట్టండి:

ఎఫ్ఎఫ్‌ప్రోబ్ -హైడ్_బ్యానర్ -ఆర్‌టీఎస్‌పీ_ట్రాన్స్‌పోర్ట్ టీసీపీ "కెమెరా చిరునామా"

చిరునామాను కొటేషన్ గుర్తుల మధ్యే ఉంచండి. అందులో & వంటి గుర్తులుంటే టెర్మినల్ వాటిని తన ఆదేశాలనుకుంటుంది.

టీసీపీ ఎందుకంటే, ఏమీ చెప్పకపోతే ఈ పనిముట్టు ముందుగా యూడీపీతో ప్రయత్నిస్తుంది. యూడీపీలో దారిలో పడిపోయిన ముక్కను ఎవరూ తిరిగి పంపరు. గట్టు పొడవునా వైఫై మీద వచ్చే వీడియోలో అలా ముక్కలు రాలిపోతే బొమ్మ అడుగున బూడిదరంగు చారలు వస్తాయి. టీసీపీలో రాలినదాన్ని మళ్లీ అడిగి తెచ్చుకుంటుంది. కాస్త ఆలస్యమైనా బొమ్మ నిండుగా వస్తుంది. మన పనికి ఇదే సరి.

జవాబులో "స్ట్రీమ్" అని మొదలయ్యే వరుసలను చదవండి. వీడియో వరుసలో కోడెక్ (వీడియోను కుదించే పద్ధతి) పేరు, 1920x1080 వంటి కొలత, సెకనుకు ఎన్ని ఫ్రేములో ఉంటాయి. కోడెక్ దగ్గర హెచ్264 అని ఉంటే దాదాపు అన్ని చోట్లా నడుస్తుంది. హెచ్ఈవీసీ అని ఉంటే అది హెచ్265. డిస్కులో స్థలం ఆదా చేస్తుంది గానీ చాలా బ్రౌజర్లలో ఇబ్బంది పెడుతుంది. కెమెరా సెట్టింగుల్లో హెచ్264కు మార్చుకోవడం తేలిక. ఆడియో వరుసలో పీసీఎం_మ్యూలా లేదా పీసీఎం_ఏలా కనిపిస్తే గుర్తుపెట్టుకోండి. ఎంపీ4 ఫైలులో ఆ ధ్వని ఇమడదు.

ఇప్పుడు ఎఫ్ఎఫ్‌ప్రోబ్ బదులు ఎఫ్ఎఫ్‌ప్లే అని మార్చి అదే వరుస కొడితే బొమ్మ తెరుచుకుంటుంది. మూయడానికి క్యూ నొక్కండి.

తూము తెరవడమా, ఎత్తిపోయడమా

ఈ వ్యాసంలో మీరు ఒక్క విషయమే గుర్తుపెట్టుకోగలిగితే అది ఇదే కావాలి.

ధవళేశ్వరం దగ్గర ఆర్థర్ కాటన్ ఆనకట్ట పూర్తయింది 1852లో. అప్పటి నుంచి డెల్టాలో నీరు వాలు వెంట తనంత తానే కాలువల్లోకి, బోదెల్లోకి పారుతోంది. మోటారు అక్కర్లేదు. మెరక పొలానికి మాత్రం నీరు ఎత్తిపోయాలి, దానికి కరెంటు కావాలి. వీడియోలోనూ సరిగ్గా ఇవే రెండు దారులు. కెమెరా తన లోపలే వీడియోను కుదించి పంపుతుంది. దాన్ని ఉన్నది ఉన్నట్టుగా వదిలితే కంప్యూటరుకు దాదాపు పనే ఉండదు. విప్పి, మళ్లీ కుదించి పంపమంటే ప్రాసెసర్ మీద బరువంతా పడుతుంది, నాణ్యతా కొంత పోతుంది. చిన్న యంత్రంలో నాలుగు చెరువుల వీడియోను తూము తెరిచి వదలవచ్చు. ఎత్తిపోయబోతే ఒకటి రెండింటికే వేడెక్కి వెనకబడుతుంది.

తూము తెరిచే మాట ఇది: -సీ కాపీ. సీ అంటే కోడెక్. ఆదేశంలో ఇది లేకపోతే చాలా సందర్భాల్లో ఎఫ్ఎఫ్ఎంపెగ్ తనంత తానే ఎత్తిపోత మొదలుపెడుతుంది.

దానితో పది నిమిషాలకొక ఫైలుగా దాచుకునే ఆదేశం:

ఎఫ్ఎఫ్ఎంపెగ్ -ఆర్‌టీఎస్‌పీ_ట్రాన్స్‌పోర్ట్ టీసీపీ -ఐ "కెమెరా చిరునామా" -సీ కాపీ -ఎఫ్ సెగ్మెంట్ -సెగ్మెంట్_టైమ్ 600 -రీసెట్_టైమ్‌స్టాంప్స్ 1 -ఎస్‌టీఆర్ఎఫ్‌టైమ్ 1 "చెరువు-%వై%ఎం%డీ-%హెచ్%ఎం%ఎస్.ఎంకేవీ"

ఇక్కడ వరుసక్రమం ముఖ్యం. -ఐ కంటే ముందు రాసినవి లోపలికి వచ్చే వీడియోకు, తరువాత రాసినవి బయటికి వెళ్లేదానికి వర్తిస్తాయి. టీసీపీ మాటను -ఐ తరువాత రాస్తే కెమెరాతో మాట్లాడే పద్ధతి మారదు.

ఫైలు పేరులో పెద్ద అక్షరాలు కావాలని చెప్పింది ఇక్కడే. సంవత్సరానికి పెద్ద వై, నెలకు చిన్న ఎం, తేదీకి చిన్న డీ, గంటకు పెద్ద హెచ్, నిమిషానికి పెద్ద ఎం, సెకనుకు పెద్ద ఎస్. రెండు ఎంలు తారుమారైతే నెల స్థానంలో నిమిషాలు పడి, ఏ ఫైలు ఎప్పటిదో తెలియదు. "చెరువు" అన్నచోట మీ చెరువు పేరు ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టుకోండి. విండోస్ బ్యాచ్ ఫైలులో రాస్తుంటే ప్రతి % గుర్తునూ రెండేసి సార్లు కొట్టాలి.

ఎంపీ4 కాకుండా ఎంకేవీ ఎందుకో అనుభవంతో చెబుతున్నాను. ఒక రాత్రి కరెంటు పోయి యంత్రం ఆగిపోయింది. ఆ రాత్రి ఏం జరిగిందో చూద్దామని ఉదయం ఫైలు తెరిస్తే తెరుచుకోలేదు. మామూలు ఎంపీ4 తన విషయసూచికను చివర్లో రాసుకుంటుంది. ఆ చివర రాకముందే ఆగిపోతే, డిస్కులో వందల ఎంబీలు ఉన్నా ప్లేయరుకు దారి తెలియదు. కావలసిన ఆ కొద్ది నిమిషాలే పోయాయి. ఎంకేవీ మధ్యలో తెగినా తెగినంతవరకు చూడవచ్చు. పైగా కెమెరా ధ్వని మ్యూలా అయినా అందులో ఇముడుతుంది.

డిస్కు లెక్క కూడా చూసుకోండి. సెకనుకు 2 మెగాబిట్ల వీడియో అంటే గంటకు 900 ఎంబీ, రోజుకు 21.6 జీబీ. 500 జీబీ డిస్కు ఒక్క కెమెరాకు మూడు వారాలు దాటి వస్తుంది. పాతవి తీసేసే అలవాటు మొదటి రోజు నుంచే పెట్టుకోండి.

ఫోనులో చూసేలా

బ్రౌజర్లు ఆర్‌టీఎస్‌పీని నేరుగా చదవలేవు. వాటికి హెచ్ఎల్ఎస్ కావాలి. వీడియోను చిన్న ముక్కలు చేసి, ముక్కల జాబితాను ఒక చిన్న ఫైలులో రాస్తూ పోవడమే హెచ్ఎల్ఎస్.

ఎఫ్ఎఫ్ఎంపెగ్ -ఆర్‌టీఎస్‌పీ_ట్రాన్స్‌పోర్ట్ టీసీపీ -ఐ "కెమెరా చిరునామా" -సీ:వీ కాపీ -ఏఎన్ -ఎఫ్ హెచ్ఎల్ఎస్ -హెచ్ఎల్ఎస్_టైమ్ 4 -హెచ్ఎల్ఎస్_లిస్ట్_సైజ్ 6 -హెచ్ఎల్ఎస్_ఫ్లాగ్స్ డిలీట్_సెగ్మెంట్స్ ఇండెక్స్.ఎం3యూ8

-ఏఎన్ అంటే ధ్వని వద్దని. నాలుగేసి సెకన్ల ముక్కలు, జాబితాలో ఆరు, పాతవి తమంత తామే చెరిగిపోతాయి. అదే ఫోల్డరులో మరో టెర్మినల్ తెరిచి ఇది నడపండి:

పైథాన్3 -ఎం హెచ్‌టీటీపీ.సర్వర్ 8080

ఇక ఫోనులో వీఎల్‌సీ తెరిచి, యంత్రం ఐపీ, పోర్టు 8080, ఇండెక్స్ ఫైలు పేరు ఇస్తే చెరువు కనబడుతుంది. పది పదిహేను సెకన్లు వెనకగా వస్తుంది. ఏరియేటర్ చూడటానికి ఆ ఆలస్యం లెక్కలోది కాదు. ఆలస్యం మరీ ఎక్కువైతే తప్పు సాధారణంగా ఆదేశంలో ఉండదు, కెమెరాలో ఉంటుంది. కాపీ పద్ధతిలో ముక్కను కీఫ్రేమ్ (పూర్తి బొమ్మ ఉండే ఫ్రేము, దీన్నే ఐ ఫ్రేమ్ అంటారు) దగ్గర మాత్రమే కోయగలదు. కెమెరా సెకనుకు 25 ఫ్రేములు ఇస్తూ 250 ఫ్రేములకొకసారి కీఫ్రేమ్ పెడుతుంటే, మీరు నాలుగు సెకన్లని రాసినా పది సెకన్ల ముక్కలే వస్తాయి. కెమెరా సెట్టింగుల్లో ఐ ఫ్రేమ్ అంతరాన్ని 50కి తగ్గించండి.

ఇదంతా ఒకే వైఫై లోపలి మాట. గట్టు మీద సిమ్ రౌటరు, మీరేమో భీమవరంలో ఉంటే బయటి నుంచి ఆ రౌటరును పిలవడం చాలావరకు కుదరదు. మొబైల్ కంపెనీలు ఎందరో వాడుకదారులను ఒకే బయటి ఐపీ వెనక ఉంచుతాయి కాబట్టి మీ రౌటరుకు సొంత చిరునామా ఉండదు. వైర్‌గార్డ్ అనే రహస్య నెట్‌వర్కు పద్ధతి ఆధారంగా నడిచే టెయిల్‌స్కేల్ వంటిదాన్ని గట్టు యంత్రంలోనూ ఫోనులోనూ పెట్టుకుంటే రెండూ ఒకే ఇంట్లో ఉన్నట్టు మాట్లాడుకుంటాయి. రౌటరులో పోర్టు తెరిచి కెమెరాను నేరుగా ఇంటర్నెట్టుకు అప్పగించకండి. అలా తెరిచిన కెమెరాల కోసం రాత్రింబగళ్లు వెతికే ప్రోగ్రాములున్నాయి. ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చకపోతే మీ చెరువును మీకంటే ముందు వాళ్లు చూస్తారు.

మరొక విషయం కూడా అంతే గట్టిగా చెప్పాలి. గట్టు మీది షెడ్డు కాపలా మనిషికి ఇల్లు. చాలాచోట్ల భార్యాపిల్లలతో అక్కడే ఉంటారు. కెమెరా ముఖం నీటి వైపు, ఏరియేటర్ల వైపు, జనరేటర్ వైపు ఉండాలి. వాళ్ల వంటచోటు, స్నానాల చోటు అందులో పడకూడదు. కెమెరా పెట్టిన రోజే ఫోనులో బొమ్మ తెరిచి, ఏం కనబడుతుందో, ఎవరు చూస్తారో వాళ్లకు చూపించండి.

సిగ్నల్ బలహీనంగా ఉంటే

చాలా కెమెరాలు రెండు ధారలు ఇస్తాయి. పెద్దది ప్రధాన కాలువ, చిన్నది పిల్ల కాలువ. కెమెరా పుస్తకంలో సబ్ స్ట్రీమ్ అని ఉండేది ఈ పిల్ల కాలువే. దాని దారి వేరుగా ఉంటుంది. డిస్కులో దాచడానికి ప్రధాన ధారను, దూరం నుంచి చూడటానికి పిల్ల ధారను వాడండి. సెకనుకు 300 కిలోబిట్లకు దాన్ని కట్టడి చేస్తే ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉంచినా రోజుకు 3.24 జీబీ మించదు. రెక్కలు తిరగడం చూడటానికి అంతకంటే నాణ్యత అక్కర్లేదు.

పిల్ల ధార లేని కెమెరా అయితేనే ఎత్తిపోతకు దిగండి. అప్పుడు హెచ్ఎల్ఎస్ ఆదేశంలో -సీ:వీ కాపీ తీసేసి ఈ ముక్క పెట్టాలి:

-వీఎఫ్ స్కేల్=640:-2,ఎఫ్‌పీఎస్=10 -సీ:వీ లిబ్ఎక్స్264 -ప్రీసెట్ వెరీఫాస్ట్ -బీ:వీ 300కే -మ్యాక్స్‌రేట్ 300కే -బఫ్‌సైజ్ 600కే -జీ 20

వీడియో అసలు అక్కర్లేని చోట్లు కూడా ఉన్నాయి. వరద రోజుల్లో లంక గ్రామాలవారికి కావలసింది రేవు మెట్లు ఎన్ని మునిగాయన్నదే. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. కానీ మన రేవులో ఆ నీరు ఎక్కడిదాకా వచ్చిందో మన మెట్లే చెప్పాలి. పది నిమిషాలకొక ఫొటో చాలు, ఎంత నీరసమైన సిగ్నల్ మీదైనా వెళుతుంది. ఈ ఆదేశం ఒక్క ఫొటో తీసి ఆగిపోతుంది. పది నిమిషాలకొకసారి నడిపే పనిని, చెప్పిన వేళకు ఆదేశాలు నడిపే లినక్స్ పనిముట్టు క్రాన్‌కు అప్పగించండి:

ఎఫ్ఎఫ్ఎంపెగ్ -వై -ఆర్‌టీఎస్‌పీ_ట్రాన్స్‌పోర్ట్ టీసీపీ -ఐ "కెమెరా చిరునామా" -ఫ్రేమ్స్:వీ 1 -అప్‌డేట్ 1 రేవు.జేపీజీ

ఊరి ఉత్సవాన్ని దూరాన ఉన్నవారికి చూపాలంటే పద్ధతి ఆర్‌టీఎంపీ. ప్రసార వేదిక ఇచ్చిన చిరునామా, రహస్య కీ కలిపి చివర పెట్టి, దాని ముందు -ఎఫ్ ఎఫ్ఎల్‌వీ అని, ధ్వనికి -సీ:ఏ ఏఏసీ అని రాస్తే సరిపోతుంది. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం వంటి చోట మాత్రం సిమ్‌ను నమ్ముకోకండి. వేల ఫోన్లు ఒకే టవరును పట్టుకుని వేలాడుతుంటాయి. దగ్గరలోని ఇంటి నుంచి తీగ లాక్కోండి.

ఆగినప్పుడు చదవాల్సింది

నడుస్తున్నంతసేపు కింది వరుసలో స్పీడ్ అనే అంకె మారుతూ ఉంటుంది. ప్రత్యక్ష మూలానికి అది 1 దగ్గర ఉండాలి. ఎత్తిపోతలో 1 కంటే కిందకు జారుతుంటే యంత్రం అందుకోలేకపోతోందని అర్థం. బొమ్మ కొలతో ఫ్రేములో తగ్గించండి. 401 అని వస్తే పేరో పాస్‌వర్డో తప్పు. 404 అయితే దారి తప్పు. కనెక్షన్ రెఫ్యూజ్డ్ అంటే యంత్రం దొరికింది, ఆ పోర్టు మూసి ఉంది. టైమ్డ్ అవుట్ అంటే కెమెరాకు కరెంటు ఉందో లేదో ముందు చూడండి. ఎవరినైనా సాయం అడుగుతూ ఈ వరుసలు పంపేటప్పుడు చిరునామాలోని పాస్‌వర్డ్ చెరిపేయండి.

చివరి పని, తెగితే తనంత తానే లేచేలా చేయడం. కెమెరా మధ్యలో మూగబోతే ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఎదురుచూస్తూ ఉండిపోవచ్చు. కొత్త వెర్షన్లలో -ఐ కంటే ముందు "-టైమ్అవుట్ 5000000" అని చేర్చండి. అది మైక్రోసెకన్ల లెక్క, అంటే ఐదు సెకన్లు. తరువాత లినక్స్‌లో మొత్తాన్ని ఇలా చుట్టండి:

వైల్ ట్రూ; డూ ఎఫ్ఎఫ్ఎంపెగ్ -నోఎస్‌టీడీఇన్ (మిగతా ఆదేశం); స్లీప్ 5; డన్

దీన్ని ఒక ఫైలులో పెట్టి, క్రాన్‌ట్యాబ్‌లో @రీబూట్ వరుసగా చేర్చితే యంత్రం లేవగానే మొదలవుతుంది. ఆ యంత్రానికి, రౌటరుకు, కెమెరాకు ఒక చిన్న ఇన్వర్టరు ఇవ్వండి. కరెంటు పోయిన నిమిషంలోనే కదా ఏరియేటర్లను చూడాల్సింది.

అంతా కుదిరిందనుకున్నాక ఒక పగటిపూట కాపలా మనిషిని గట్టు మీద నిలబెట్టి, మీరు ఇంటి నుంచి ఫోనులో చూస్తూ, కెమెరా తీగ పీకమనండి. నిమిషం ఆగి మళ్లీ పెట్టమనండి. బొమ్మ తిరిగి రావడానికి ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకోండి. తరువాత రౌటరు తీగతో ఒకసారి, యంత్రం తీగతో ఒకసారి అదే చేయించండి. మూడింటిలోనూ మీరు వేలు పెట్టకుండా బొమ్మ తిరిగి వస్తేనే ఆ రాత్రి దాన్ని నమ్మి పడుకోండి.